లిఫ్టు దిగిపోతోందా? టాప్ కవర్ విప్పే ముందు ఇవి చూడండి

ట్రాక్టర్ హైడ్రాలిక్ లిఫ్టుతో రోటావేటర్‌ని గట్టు దగ్గర ఎత్తిపెట్టి, ఇంజన్ ఆపి, టీ తాగి వచ్చేసరికి అది నేల మీద కూర్చుని ఉంటుంది. పక్క పొలం ఆయన చూసి ‘సిలిండర్ పోయింది, టాప్ కవర్ విప్పాల్సిందే’ అని తేల్చేస్తాడు. మెకానిక్కు ఫోన్ చేస్తే చూడకుండానే అతనూ అదే మాటంటాడు. విప్పడం చేతికి అలవాటైన పని, వెతకడానికి మాత్రం ఓపిక కావాలి.

నేనూ ఆ మాట విని దెబ్బతిన్నవాణ్ణే. ఒకే దమ్ము సీజన్లో రెండుసార్లు పిస్టన్ సీలు, అంటే పిస్టన్ పక్కల నుంచి ఆయిల్ జారకుండా ఆపే రింగు, మార్పించాను. మొదటిది పది రోజులు నిలిచింది, రెండోది వారం. మూడోసారి విప్పినప్పుడు గానీ దింపిన ఆయిల్ వంక సరిగ్గా చూడలేదు. పాలు కలిపిన టీ రంగులో ఉంది. గేరు లివర్ మొదట్లో ఉండే రబ్బరు తొడుగు చిరిగి, వాననీళ్లూ బండి కడిగిన నీళ్లూ అన్నీ అందులోంచే లోపలికి దిగుతున్నాయి. ఆ తొడుగు మార్చకుండా ఎన్ని సీళ్లు వేసినా వాటికి అదే గతి. అందుకే ఇక్కడ పైనుంచి లోపలికి, ఖర్చు లేనిదాని నుంచి ఖర్చయ్యేదానికి వరసగా వెళ్దాం. సిలిండర్ విప్పడం ఆఖర్లో వస్తుంది.

ముందు లోపల ఏముందో

మన దగ్గర తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి లిఫ్ట్ సిలిండర్ బయటికి కనబడదు. సీటు కింద ఉన్న టాప్ కవర్ లోపల ఉంటుంది. పంపు తోసిన ఆయిల్ పిస్టన్‌ని నెడుతుంది, పిస్టన్ కనెక్టింగ్ రాడ్డుని నెడుతుంది, అది అడ్డంగా ఉన్న షాఫ్టుని తిప్పుతుంది, ఆ షాఫ్టు రెండు చివర్లా ఉన్న లిఫ్ట్ ఆర్ములు పైకి లేస్తాయి. ఎత్తడానికే ఆయిల్ బలం కావాలి. దిగడమంతా పనిముట్టు బరువుతోనే. కాబట్టి పిస్టన్ వెనక బంధించిన ఆయిల్ ఏ దారిన కారిపోయినా లిఫ్టు దిగిపోతుంది. ఆ దారి పిస్టన్ సీలు కావచ్చు, లివర్ కదిపితే ఆయిల్‌కి దారి తెరిచి మూసే కంట్రోల్ వాల్వు కావచ్చు, సిలిండర్ని కాపాడే సేఫ్టీ వాల్వు కావచ్చు, మధ్యలో ఓ రూపాయి బిళ్లంత ఓరింగు, అంటే రబ్బరు రింగు, కావచ్చు. పైనుంచి చూసేవాడికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి.

అక్కడ పనిచేసే బలం ఎంతో ఒక్కసారి లెక్క వేసుకుంటే సీలు మీద జాలి కలుగుతుంది. 90 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్ అనుకోండి. పిస్టన్ ముఖం వైశాల్యం దాదాపు 63.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి వస్తే పిస్టన్ మీద పడేది తొమ్మిదిన్నర టన్నులు. షాఫ్టుని తిప్పే లోపలి చెయ్యి పొట్టిది, బయటి ఆర్ములు పొడుగువి కాబట్టి లింకుల చివరకు వచ్చేసరికి అది ఒకటిన్నర, రెండు టన్నులకు తగ్గుతుంది. ఇదే లెక్క తిరగేస్తే, రోడ్డు గుంతలో పనిముట్టు ఒక్కసారి ఎగిరిపడ్డప్పుడు ఆ కుదుపు కొన్ని రెట్లై పిస్టన్ మీద పడుతుంది.

లివర్లు, నాబులు, పీటీఓ

నవ్వొచ్చినా సరే, ఇక్కణ్ణుంచే మొదలుపెట్టండి. రోటావేటర్ లాంటి పనిముట్లకు, పెట్టిన ఎత్తులో నిలిపే పొజిషన్ కంట్రోల్ లివర్ వాడాలి, నేల లాగుడుని బట్టి ఎత్తి దించే డ్రాఫ్ట్ లివర్ మీ బండి పుస్తకం చెప్పిన చోట పక్కన పెట్టాలి. డ్రాఫ్ట్ లివర్ తప్పు చోట ఉంటే లిఫ్టు దానంతటదే లేస్తూ దిగుతూ ఉంటుంది, జబ్బేమీ లేకపోయినా.

ఫెర్గూసన్ పద్ధతి పంపున్న పాత మాస్సీ బండ్లలో పంపు గేరుబాక్సు వెనక లోపలే ఉంటుంది, పీటీఓ షాఫ్టుతో, అంటే ఇంజన్ బలాన్ని పనిముట్టుకి అందించే వెనక షాఫ్టుతో, తిరుగుతుంది. పీటీఓ లివర్ న్యూట్రల్‌లో ఉంటే పంపే తిరగదు, లిఫ్టు లేవదు. కొత్తగా డ్రైవింగ్‌కి వచ్చిన కుర్రాడు ఆ లివర్‌ని ముట్టుకున్న సంగతి మర్చిపోతే, ఇంట్లోవాళ్లంతా ‘హైడ్రాలిక్ పోయింది’ అని కూర్చుంటారు. ఇంజనుకే బిగించిన గేర్ పంపున్న బండ్లలో ఈ గొడవ లేదు. క్లచ్ తొక్కినా లిఫ్టు పనిచేస్తుంది.

ట్రక్కు (ట్రాలీ) తొట్టిని ఎత్తే జాకీకి ఆయిల్ ఇచ్చే లివరో, మళ్లింపు నాబో ఉన్న బండైతే అది పూర్తిగా లిఫ్టు వైపు తిరిగి ఉందో లేదో చూడండి. సగంలో ఆగితే ఆయిల్ రెండు వైపులా చీలిపోతుంది.

ఆయిల్ చూడటం

బండిని చదును నేల మీద ఆపి, లిఫ్టు పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, కొంతసేపు ఆగాక పుల్ల తీసి చూడండి. లిఫ్టు ఎత్తి ఉంచి చూస్తే కొంత ఆయిల్ సిలిండర్లో ఉండిపోయి మట్టం తక్కువ చూపిస్తుంది.

తర్వాత ఒక గాజు సీసాలోకి కొద్దిగా ఆయిల్ తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. నురగ మాత్రమే ఉండి తెల్లారేసరికి తేటపడితే పంపు గాలి పీలుస్తోందని అర్థం. అంటే మట్టమైనా తక్కువై ఉండాలి, పంపుకి ఆయిల్ అందించే సక్షన్ పైపు ఓరింగైనా పోయి ఉండాలి. తెల్లారినా పాలరంగు పోకపోతే అది నీళ్లు. అనుమానముంటే రెండు చుక్కలు, రెండే, వేడెక్కిన ఇనుప రేకు మీద వేయండి. నీళ్లుంటే పోపులో ఆవాల్లా చిటపటలాడుతుంది. ఇంట్లో అట్లపెనం జోలికి మాత్రం పోకండి.

ఆయిల్ని వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడినా, ఎండలో పెట్టి చూస్తే మెరుపు కనబడినా లోపల ఏదో అరుగుతోంది. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే. గోటితో పట్టుకోగలిగే పెళ్లలు మామూలు కాదు.

నీళ్లు కనబడితే ఆయిల్ మార్చడంతో సరిపెట్టకండి. దారి వెతకండి: గేరు లివర్ తొడుగు, ఆయిల్ పుల్ల మూత, గాలి పోయే బ్రీదర్, దమ్ములో ఇరుసు దాకా మునిగిన బండికైతే వెనక ఇరుసు సీళ్లు. వేడెక్కిన బండిని తీసుకెళ్లి చెరువులో దింపి కడిగే అలవాటుంటే, లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటూ నీళ్లను తనే లోపలికి పీల్చుకుంటుంది. బండి చల్లారాక కడగమనేది అందుకే.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

జబ్బు ఎప్పుడు కనబడుతోందో గమనిస్తే సగం పని అయినట్టే. పొద్దున్నే లిఫ్టు బద్ధకంగా లేచి, గంట పని చేశాక బాగైపోతే చిక్కటి ఆయిల్ పంపుకి అందడం లేదు. ఫిల్టరో జాలీయో మూసుకుపోయి ఉండొచ్చు, తప్పుడు గ్రేడు ఆయిల్ పోసి ఉండొచ్చు. పంపు సన్నగా కీచుమంటూ ఉంటుంది కూడా. దీనికి సిలిండర్‌తో సంబంధం లేదు, ఫిల్టర్ మార్చండి.

పొద్దున బాగా లేచి, ఎండెక్కి బండి వేడెక్కాక నీరసపడితే అది అరుగుదల. పల్చబడ్డ ఆయిల్ అరిగిన సందుల్లోంచి జారిపోతోంది. ఆ సందు పంపులో ఉందా, వాల్వులో ఉందా, సిలిండర్లో ఉందా అన్నది తేల్చుకోవాలి.

ఇంకో గుర్తు తల ఊపడం. ఇంజన్ నడుస్తుండగా పనిముట్టు సగం ఎత్తులో ఉండి, కాస్త దిగి టక్కున లేచి, మళ్లీ దిగి మళ్లీ లేస్తుంటుంది. సిలిండర్ వైపు ఎక్కడో ఆయిల్ కారుతోంది, లిఫ్టు దిగినట్టు వాల్వు పసిగట్టి పంపుచేత మళ్లీ ఎత్తిస్తోంది. అంటే పంపు బాగానే ఉంది. లేవడమే కష్టంగా ఉండి, లేచాక మాత్రం కదలకుండా నిలబడే బండికైతే సిలిండర్ సీలు మార్చడం దండగ. అక్కడ పంపు, సక్షన్, ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వు చూడాలి.

సుద్దముక్క పరీక్ష

పనిముట్టు తగిలించి పైకంటా ఎత్తండి. ఇంజన్ ఆపండి. పనిముట్టు మీద ఒక చోట సుద్దతో గుర్తు పెట్టి, నేల నుంచి దాని ఎత్తు కొలిచి రాసుకోండి. 5 నిమిషాలకు, 10 నిమిషాలకు, అరగంటకు మళ్లీ కొలవండి. కింద ఎవరూ చెయ్యో కాలో పెట్టకూడదు, పిల్లల్ని దరిదాపుల్లోకి రానివ్వకండి. బండి బాగున్న రోజునే ఒకసారి ఈ కొలతలు రాసి పెట్టుకుంటే, చెడ్డప్పుడు పోల్చుకోవడానికి అంతకన్నా మంచి లెక్క ఉండదు.

ఇప్పుడు అసలు పరీక్ష. చాలా మోడళ్లలో సీటు కింద ముందు వైపు, లిఫ్టు ఎంత వేగంగా దిగాలో సరిచేసే గుండ్రటి నాబు ఉంటుంది. దాన్ని పూర్తిగా బిగించగలిగే బండైతే, సిలిండర్‌కీ కంట్రోల్ వాల్వుకీ మధ్య దారి మూసుకుపోతుంది. పనిముట్టుని మళ్లీ పైకెత్తి, నాబు పూర్తిగా బిగించి, ఇంజన్ ఆపి అవే కొలతలు తీసుకోండి.

నాబు బిగించాక నిలబడిపోయిందా? మీ సిలిండర్, పిస్టన్ సీలు బాగున్నాయి. ఆయిల్ వాల్వు వైపు కారుతోంది. వాల్వు బాడీ ఒక్కటీ విప్పి శుభ్రం చేయించి, ఓరింగులు మార్పిస్తే చాలావరకు పని అయిపోతుంది. బిగించినా దిగిపోతోందా? అప్పుడు అనుమానం సిలిండర్ మీదికి, దానికున్న సేఫ్టీ వాల్వు మీదికి వెళ్తుంది. సేఫ్టీ వాల్వు కింద ఇసుకరేణువు ఇరుక్కున్నా ఇలాగే దిగుతుంది. చాలా బండ్లలో దాన్ని పై నుంచే విప్పొచ్చు, కవర్ కదపక్కర్లేదు. ముందు అది చూడండి.

ఆ నాబు లేని బండైతే, లిఫ్టు ఎత్తి ఇంజన్ ఆపి, పక్కనున్న తనిఖీ మూతో ఆయిల్ పోసే పెద్ద ప్లగ్గో తీసి టార్చి వేసి చూడండి. సిలిండర్ తెరిచి ఉన్న చివర నుంచి, అంటే కనెక్టింగ్ రాడ్డు వైపు నుంచి ధారగా కారుతుంటే పిస్టన్ సీలే. పంపు నుంచి పైకి వెళ్లే నిలువు గొట్టాల దగ్గర కారుతుంటే అక్కడి ఓరింగు. ఈ చూపు దొరికితే ఇక వాదన ఉండదు.

బయట పైపుల్లో కారుడు వెతికేటప్పుడు చేత్తో తడమకండి. సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. చీమ కుట్టినంతే అనిపించి, తర్వాత వేలు తీసేయాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. పొరపాటున తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని చెప్పండి.

గేజి

లేవడమే జబ్బైతే ఒత్తిడి కొలిచే గేజి కావాలి. జాకీకి ఆయిల్ తీసే పోర్టుకు దాన్ని బిగించి, ఆయిల్ వేడెక్కాక, రిలీఫ్ వాల్వు తెరుచుకునే దాకా ఒత్తిడి పెంచి చూస్తారు. రావాల్సిన అంకె మీ మోడల్ పుస్తకంలో ఉంటుంది. తక్కువొస్తే రిలీఫ్ వాల్వు, తర్వాత పంపు. ఆ అంకె పెరగాలని రిలీఫ్ వాల్వులో వాషర్లు దూర్చే మేస్త్రులున్నారు. ఆ పూటకి లిఫ్టు దర్జాగా లేస్తుంది. ఆ తర్వాత పగిలేది సిలిండరో, టాప్ కవరో.

సరే, విప్పాల్సిందే అని తేలితే

బండి పైభాగం అంతా ముందే కడిగి ఆరబెట్టండి. లిఫ్టు దించి, పనిముట్టు తీసేయండి. టాప్ కవర్ ఇద్దరు మనుషులు పట్టుకునే బరువు కాదు, చైన్ పుల్లీ కావాలి. చెట్టు కింద, గాలిదుమ్ములో విప్పనివ్వకండి. తీసిన ప్రతి భాగాన్నీ డీజిల్‌తో కడిగి పీచు రాలని గుడ్డ మీద పెట్టాలి. బనీను వేస్టు పోగులే తర్వాత వాల్వులో తేలతాయి.

పాత సీలుని పారేయకుండా చేతిలోకి తీసుకోండి, జరిగిన కథంతా అది చెబుతుంది. ఒక పక్కే కోసుకుపోయి ఉంటే సిలిండర్ లోపల ఆ పక్క గీత ఉంది. చుట్టూ గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటే ఆయిల్ మరీ వేడెక్కుతోంది. ఉబ్బి మెత్తబడితే ఆ రబ్బరుకి సరిపడని ఆయిల్ పోశారు. అంచు నమిలినట్టు ఉంటే ఒత్తిడికి సందులోకి నెట్టుకుపోయింది. అంటే వెనక దన్నుగా ఉండాల్సిన బ్యాకప్ రింగు లేదు, లేదా తిరగేసి వేశారు.

సిలిండర్ లోపల గోరు అడ్డంగా ఆనించి లాగండి. కంటికి కనబడినా గోటికి తగలని గీతను సన్నటి హోనింగ్‌తో, అంటే సానరాళ్లతో లోపల రుద్ది, పోగొట్టొచ్చు. గోరు ఆగిందంటే సిలిండర్ మార్చాల్సిందే. లేత్ షాపులో బోరు పెంచి లావు సీలు వేస్తామంటారు. నేనైతే ఒప్పుకోను, ఆ పిస్టన్‌కి ఆ సందు మరీ ఎక్కువైపోతుంది. నీళ్లు పట్టిన బండ్లలో గీతలు కాక తుప్పు గుంటలుంటాయి. సీలు ఎక్కువసేపు ఆగే చోట అవి కనబడితే అంతే సంగతి.

పగులు అనుమానముంటే పాత పద్ధతి ఒకటుంది. ఆ చోట కిరోసిన్ రాసి కాసేపు నాననిచ్చి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ ఊరి, సుద్ద మీద సన్నటి తడి గీతగా కనబడుతుంది.

సీలు వేసేటప్పుడు మూడు విషయాలు. ఓరింగు ఆయిల్ ఒత్తిడి వచ్చే వైపు, బ్యాకప్ రింగు దాని వెనక, అంటే కనెక్టింగ్ రాడ్డు వైపు ఉండాలి. స్క్రూడ్రైవర్‌తో నెట్టకూడదు. అదే ఆయిల్ రాసి, మెలిక పడకుండా, సీలుని కోసే పదును లేకుండా సిలిండర్ అంచుని నున్నగా చేసి మెల్లగా ఎక్కించాలి. డబ్బాలో ‘ఇంచుమించు ఇదే సైజు’ అని దొరికిన ఓరింగు పనికిరాదు. సిలిండర్ బోల్టులు బిగువు కొలిచే టార్క్ రెంచితోనే బిగించమనండి, అడుగునున్న ఓరింగు ఒక పక్క నలిగితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకోసారి రాకుండా

సిలిండర్‌ని చంపేవి చాలావరకు రెండే. ఒకటి మురికి ఆయిల్, రెండోది లివర్ మీది చెయ్యి.

ఆయిల్ సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. మన బండ్లలో చాలావాటికి గేర్లకీ, డిఫరెన్షియల్‌కీ, హైడ్రాలిక్‌కీ ఒకటే ఆయిల్. ఆయిల్లో మునిగే బ్రేకులుంటే వాటికీ అదే. కాబట్టి కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. మట్టం తగ్గిందని మిగిలిపోయిన ఇంజన్ ఆయిల్ కలపడం, పాత ఆయిల్ వడగట్టి మళ్లీ పోయడం, రెండూ సీలు ఆయుష్షు మీద వేసే కోతలే. ఎన్ని గంటలకు మార్చాలో మీ పుస్తకం చెబుతుంది. అయితే ఆ గంటలు మామూలు పనికి. మోకాలి లోతు దమ్ము చేసే బండికి సీజన్ అవగానే ఆయిల్ సీసాలో తీసి చూడటం మానొద్దు.

జాకీ ఉన్న ట్రక్కు గురించి ఎవరూ పట్టించుకోరు, చాలా సిలిండర్ల చావు అక్కణ్ణుంచే వస్తుంది. ఆ జాకీలో పనిచేసేది మీ గేరుబాక్సు ఆయిలే. 100 మిల్లీమీటర్ల బోరు, ఒక మీటరు స్ట్రోకున్న జాకీ పూర్తిగా లేవాలంటే దాదాపు 8 లీటర్లు వెళ్లిపోతుంది. మట్టం అసలే తక్కువున్న బండిలో పంపు అప్పుడు గాలి పీలుస్తుంది. ట్రక్కు దిగేటప్పుడు ఆ ఆయిల్ వెనక్కొస్తుంది, జాకీలోని తుప్పునీ మట్టినీ వెంటబెట్టుకుని. కిరాయి ట్రక్కైతే మరీ ప్రమాదం. నిన్న ఎవరి బండికి తగిలించారో, వాళ్ల ఆయిల్ ఈరోజు మీ గేరుబాక్సులోకొస్తుంది. పైపు తగిలించే ముందు, రెండు పైపుల్నీ కలిపే కప్లర్ రెండు ముక్కలనూ తుడవండి, విప్పాక మూతలు పెట్టండి. పైపు నేల మీద పడేసే డ్రైవర్‌ని కోప్పడినా తప్పులేదు.

ఇక చెయ్యి సంగతి. లిఫ్టు పూర్తిగా లేచాక కూడా లివర్ అలాగే పైకి నొక్కి పట్టుంటే రిలీఫ్ వాల్వు కీ మని అరుస్తుంది. ఆ అరుపు వినబడుతున్నంతసేపూ ఆయిల్ కాగుతోంది. లివర్ పైకంటా ఉన్నప్పుడు ఆ అరుపు ఎప్పుడూ వస్తుంటే పొజిషన్ కంట్రోల్ సెట్టింగు తప్పింది. లిఫ్టు పైకి చేరాక ఆర్ములను చేత్తో ఎత్తితే ఇంకాస్త కదలాలి, ఏమాత్రం కదలకపోతే పిస్టన్ చివరిదాకా వెళ్లి కొట్టుకుంటోంది.

గట్టు దాటేటప్పుడు దభీమని దించడం, దించిన రోటావేటర్‌తోనే వెనక్కి నడపడం, రోడ్డు మీద ఎత్తిన పనిముట్టుతో నాలుగో గేరులో గుంతలు దూకించడం కూడా సిలిండర్‌కి దెబ్బలే. ఊరు మారేటప్పుడు పనిముట్టు పక్కలకు ఊగకుండా లింకుల చైన్లు బిగించి, మెల్లగా వెళ్లండి. దమ్ములోంచి తీసిన రోటావేటర్‌కి అంటిన బురద బరువు మీ లెక్కలో ఉండదు. కంపెనీ చెప్పే 1500, 1800 కిలోలు లింకుల చివర పనిముట్టు తగిలించే గుండ్ల దగ్గరి లెక్క. పనిముట్టు బరువు అంతకన్నా వెనక్కి ఉంటుంది కాబట్టి అసలు ఎత్తగలిగేది తక్కువే. ట్రాక్టర్లు పరీక్షించేవాళ్లు గుండ్లకు 610 మిల్లీమీటర్ల వెనక కూడా కొలిచేది అందుకే. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ రైతులకు శిక్షణ కూడా ఇస్తారు. ఇంట్లో బండి నడిపే కుర్రాడుంటే పంపించొచ్చు.

సాయంత్రం బండి ఆపేటప్పుడు పనిముట్టుని నేలకు దించి ఇంజన్ ఆపండి. రాత్రంతా వేలాడే బరువు సీలుకి శిక్ష, కింద ఆడుకునే పిల్లలకు ప్రాణగండం.

సిలిండర్ పని చేయించిన బండైతే ఇంకొకటి. కొత్త ఆయిల్ పోశాక వెంటనే పనిముట్టు తగిలించకండి. తక్కువ ఆర్‌పీఎంలో ఖాళీ లిఫ్టుని పది పదిహేను సార్లు ఎత్తి దించండి, లోపలి గాలి పోతుంది. మట్టం మళ్లీ చూడండి, తప్పకుండా కొంత తగ్గి ఉంటుంది. అప్పుడు పనిముట్టు తగిలించి, సుద్ద గుర్తు పెట్టి, మెకానిక్కు డబ్బులిచ్చే ముందే అరగంట కొలవండి. విప్పినప్పుడు లోపల రాలిన పొడి ఎంతోకొంత తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, 25 గంటలు నడిచాక ఫిల్టర్ మరోసారి తీసి కోసి చూడండి. మడతల్లో మెరుపు తగ్గి ఉంటే సరే, పెరిగి ఉంటే ఆ బండిని దమ్ములోకి దింపకండి.